కొండ బండి ఎక్కనివాడు

ఓడ దిగి పినాంగు రేవులో కాలు పెట్టినప్పుడు నా చేతిలో ఉన్నది ఒక రేకు పెట్టె. అందులో రెండు జతల బట్టలు, మా అనకాపల్లి బెల్లం అచ్చు ఒకటి, పాత పంచె ముక్కలో కట్టిన చిన్న మూట. పెట్టెలో పట్టనిది ఇంకొకటి కూడా వెంట తెచ్చుకున్నాను. నాకు ఎత్తంటే భయం. ఓడలో ఉన్నన్నాళ్ళూ తోటి విద్యార్థులు కమ్మీల మీద వాలి చేపల్ని చూస్తుంటే, నేను నడిమధ్య తాడు చుట్టల మీద కూర్చుని నా చెప్పుల్ని చూసుకున్నాను.

అది 1957 ఆగస్టు. మేం కామర్సు చదివే కుర్రాళ్ళం. రేవులూ గిడ్డంగులూ చూపించుకు రావడానికి కాలేజీ వాళ్ళు వేసిన యాత్ర అది. మిగతా వాళ్ళని వాళ్ళ నాన్నలు లోకం చూసి రమ్మని పంపారు. మా నాన్న బెల్లం వర్తకుడు. పని లేకుండా బండి కట్టే మనిషి కాదు. నన్ను పంపింది మా అక్క రత్నావతి కోసం.

మా బావ కాంతయ్య ఆ మలాయి దేశంలో, పెరాక్ వైపు ఒక రబ్బరు తోటలో గుమాస్తా. ఆ రోజుల్లో అక్కడ అడవిలో ఉన్న కమ్యూనిస్టులకీ సర్కారుకీ పోరు నడుస్తుండేది. యుద్ధం అనకుండా దాన్ని ఎమర్జెన్సీ అనేవారు. మేం వెళ్ళడానికి రెండేళ్ళ ముందు, తోట దారిలో దొర జీపు మీద చెట్ల చాటు నుంచి కాల్పులు జరిగాయి. దొర బతికాడు, పక్కన కూర్చున్న బావ పోయాడు. దొరసాని భయపడి పిల్లల్ని తీసుకుని పినాంగు కొండ మీది బంగళాకి మారిపోయింది. మా అక్కని ఆయాగా తీసుకుపోయింది.

మా ఇళ్ళల్లో భర్త పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు తెల్లచీర పెట్టాలి. తండ్రో తమ్ముడో స్వయంగా వెళ్ళి భుజాన కప్పాలి. అది పడ్డాకే బొట్టు చెరిపి గాజులు తీస్తారు. మధ్యలో సముద్రం ఉండబట్టి మా అక్కకి ఆ చీర పడలేదు.

"నలుగురిలో మాట పడుతున్నాను. నీ చేత్తో కప్పి రా. అక్కడ ఇంకేం చూసినా చూడకపోయినా నాకు పని లేదు" అన్నాడు నాన్న. మూటలో ఉన్నది ఆ చీర.

అప్పటికి నాకు అది సరుకే. ఎవరిది వాళ్ళకి చేర్చాలి, అంతే.

జార్జ్ టౌన్‌లో మాకు బస ఇచ్చినాయన గోపాలసామి గారు. పప్పులూ మిరపకాయలూ అమ్మే వర్తకుడు. ఆయన తాతల నాడే మా వైపు నుంచి వచ్చేశారు. కుర్రాళ్ళందరికీ మేడ మీద చాపలు వేయించాడు. నేను కిందే, కొట్టు వెనక గదిలో పడుకుంటానన్నాను.

"ఏటి బాబూ, మేడ మీద గాలి బాగా వస్తాది లా. కింద మిరపకాయ గోతాలున్నాయి. తుమ్మి తుమ్మి సచ్చిపోతావు" అన్నాడు. మాట చివర 'లా' తగిలించడం ఆ దేశపు అలవాటు.

"కిందే బాగుందండీ."

ఆయన భార్య తంగం తమిళావిడ. నా మొహం చూసి, "ఇంగేయే పడుక్కట్టుం, విడుంగ", ఇక్కడే పడుకోనివ్వండి అని నా చాప తనే తెచ్చి పరిచింది.

"మీ అక్క కొండ మీదే ఉంటాది" అన్నాడు గోపాలసామి గారు. "నువ్వొచ్చినావని కబురెట్టినాను. కిందికి దిగనివ్వరట. నువ్వే ఎక్కాల."

వచ్చిన వారంలోనే కొండ చూడడానికి వెళ్ళాం. కొండ అడుగున ఆయిర్ ఈతంలో బస్సు దిగితే ఎదురుగా రైలు పట్టాలు నిచ్చెనలా ఆకాశంలోకి లేచి ఉన్నాయి. బండి పెట్టె కూడా మెట్లు మెట్లుగా, వాలుకి తగ్గట్టు కోసినట్టుంది. ఇంజను లేదు. పై నుంచి వచ్చిన ఇనప తాడు ఒక్కటే దాన్ని పట్టుకుని ఉంది.

అందరూ ఎక్కారు. నేను ఒక కాలు లోపల పెట్టాను. రెండోది నేల వదల్లేదు. చెమటలు పట్టాయి. వెనకాల చీనావాళ్ళు, మలాయివాళ్ళు, బుట్టలతో ఆడవాళ్ళు, అందరూ నా కోసం ఆగిపోయారు.

"ఎండలో పెట్టిన బెల్లంలా కారిపోతున్నాడ్రా వీడు" అన్నాడు పట్నాయక్. మా జట్టులో నవ్వించేవాడు అతనే. అందరూ నవ్వారు. లెక్చరర్ గారు కూడా మొహం పక్కకి తిప్పుకుని నవ్వారు.

కాలు వెనక్కి తీసుకున్నాను. మూట, బెల్లం అచ్చు పట్నాయక్ చేతిలో పెట్టి, "పైన బంగళాలో మా అక్క ఉంటుంది. రత్నావతి అని అడుగు. ఇచ్చేయ్" అన్నాను. మూటలో ఏముందో చెప్పలేదు.

వాళ్ళు దిగి వచ్చేదాకా స్టేషను బల్ల మీద కూర్చుని ఆ బండినే చూశాను. చూడగా చూడగా ఒకటి తెలిసింది. ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది. ఒకే తాడుకి రెండు కొసలు. ఇది మా కాటాయే. ఆ పళ్ళెం బరువు ఈ పళ్ళేన్ని లేపుతోంది. చిన్నప్పటి నుంచీ కాటా పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి బుర్రకి ఆ లెక్క అందింది. కాళ్ళకి అందలేదు.

సాయంత్రం పట్నాయక్ మూట తిరిగి తెచ్చాడు.

"మీ అక్క తీసుకోలేదురా. ముడి కూడా విప్పలేదు. చేత్తో తడిమి చూసి, 'ఇది నా తమ్ముడు పెట్టాల. పరాయోళ్ళ చేతి మీద వస్తే చెల్లదు' అంది. బెల్లం మాత్రం ఉంచుకుంది. మా అందరికీ కాఫీ ఇచ్చింది. నీకేం పోయేకాలం, ఎక్కొచ్చు కదా?"

ఆచారం విషయంలో అక్క అచ్చం నాన్న కూతురే అనుకున్నాను. ఆవిడ అంత నిక్కచ్చిగా ఉంటే, నేను బండి ఎక్కలేక కింద కూర్చున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తరవాత రోజులన్నీ అలాగే గడిచాయి. బౌద్ధుల గుడికి వెళ్ళాం. వాళ్ళు గోపురం పైదాకా ఎక్కారు. నేను కింద కొలనులో తాబేళ్ళకి ఆకులు వేశాను. పాముల గుడిలో మటుకు పట్నాయక్ గుమ్మంలోనే ఆగిపోయాడు, నేను లోపలికి వెళ్ళి కొమ్మలకి చుట్టుకున్న పచ్చపాముల్ని దగ్గరగా చూసి వచ్చాను. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఒకసారి పడిన పేరు చెరగదు. ఎక్కడ మెట్లు కనిపించినా, "సూరీ, నువ్వు చెప్పులు కాయి" అనేవారు. నిజంగానే కాసేవాణ్ణి. నేను చూసిన పినాంగు అంతా కింద నుంచి చూసిందే.

వాళ్ళు మేడ మీద పాటలు పాడుకుంటుంటే నేను గోతాల మధ్య పడుకుని వినేవాణ్ణి. పిలిస్తే ఎక్కేవాణ్ణేమో. అది మామూలు మెట్ల మేడే. ఎవరూ పిలవలేదు.

ఊళ్ళో మెర్డేకా సందడి మొదలైంది. మెర్డేకా అంటే స్వతంత్రం. నెలాఖరున దొరల జెండా దిగి కొత్త జెండా ఎక్కుతుంది. వీధి వీధినా తోరణాలు, రంగు దీపాలు కడుతున్నారు. గోపాలసామి గారు కొట్టుకి రంగు వేయించాడు గానీ మనిషి అంత ఉషారుగా లేడు.

"మాకు ఇండియాలో ఎవులున్నారు లా? ఇక్కడి పౌరులమని కాయితం తీసుకుంటే ఇక్కడోళ్ళం. తీసుకోకపోతే ఏటోళ్ళం?" అన్నాడు ఒకసారి పప్పు చెరుగుతూ. ఆయన కొడుకు పక్కనే ఉండి తమిళంలో ఏదో అన్నాడు. "సూడు, నేను తెలుగులో అడుగుతాను, ఆడు తమిళంలో జవాబు సెప్తాడు. ఆడికి ఏ బెంగా లేదు" అని నవ్వాడు.

మెర్డేకా పండగ అయిన మర్నాడే మా ఓడ. మిగిలింది ఆ ఒక్క పండగ రోజు. ఆ పొద్దున అందరూ సముద్రపొడ్డు మైదానానికి జెండా చూడ్డానికి బయల్దేరారు. తల నొప్పి అని నేను ఉండిపోయాను. ధైర్యం వచ్చి కాదు. ఎక్కలేకపోతే చూసి నవ్వడానికి ఆ వేళ తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరని.

మూట చంకలో పెట్టుకుని ఆయిర్ ఈతం బస్సు ఎక్కాను. ఊరు జనమంతా సముద్రం వైపు పోతుంటే, ఆ బస్సులో ఇంచుమించు నేనొక్కణ్ణే.

కొండ బండిలో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కదిలింది. కాటా, కాటా అనుకున్నాను. అవతలి పళ్ళెంలో మనుషులున్నారు, వాళ్ళు దిగుతున్నారు గనక నేను లేస్తున్నాను, వాళ్ళు ఉన్నంతసేపూ నేను పడను. దారి మధ్యలో ఒక్కసారి కళ్ళు తెరిచాను. పట్టాలు రెండుగా చీలి, రెండో పెట్టె నా పక్కనుంచి కిందికి దాటిపోయింది. అందులో చంటిపిల్లనెత్తుకున్న ఒక మలాయి ఆవిడ నన్ను చూసి పలకరింపుగా తల ఆడించింది. ఆవిడ బరువు మీద నేను ఎక్కుతున్నానని ఆవిడకి తెలియదు.

సగం కొండ దగ్గర ఆ బండి దిగి ఇంకో బండి ఎక్కాలి. నాకు ఆ సంగతి తెలియదు. దిగాను. కింద చెట్ల తలలు కనిపించాయి. స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడిపోయాను.

ఖాకీ దుస్తుల్లో ఉన్న రైలు ఉద్యోగి ఒకాయన దగ్గరికి వచ్చాడు. ముప్పయ్యయిదేళ్ళుంటాయి. "బయప్పడాదే తంబీ" అని నా మోచెయ్యి పట్టుకున్నాడు. నా మొహం పరీక్షగా చూసి, చంకలో మూట చూసి, "రత్నం తంబీయా?" అన్నాడు.

రత్నం తమ్ముణ్ణేనన్నాను. ఆయన పేరు సుబ్రమణియం అని చెప్పాడు. నన్ను నడిపించి రెండో బండిలో కూర్చోబెట్టాడు.

నాకు వచ్చిన నాలుగు తమిళం ముక్కల్లో, అక్కని కిందికి దిగనివ్వరట కదా, అందుకే నేను రావలసి వచ్చింది అన్నాను.

"యారు సొన్నా? వారా వారం ఇరంగువాంగళే" అన్నాడు ఆశ్చర్యంగా. ఎవరన్నారు, వారం వారం దిగుతుందే అని. ఆదివారం ఇదే బండిలో దిగి, బజారు చేసుకుని, సాయంత్రం ఇదే బండిలో ఎక్కుతుందట.

బండి కదిలింది. నేను ఊళ్ళో ఉన్న ఆదివారాలు కూడా అక్క దిగి ఉండాలి. గోపాలసామి గారి కొట్టు దాటకుండా బజారుకి పోలేరు. నా భయం పోలేదు గానీ, దాని పక్కన ఈ మాట వచ్చి కూర్చుంది. పై స్టేషను వచ్చేదాకా కళ్ళు తెరిచే ఉన్నానన్న సంగతి దిగాక గాని గమనించలేదు.

బంగళా వెనక వంటింటి గుమ్మంలో అక్క బియ్యం ఏరుతోంది. నుదుట రూపాయంత బొట్టు. చేతుల నిండా ఎర్ర గాజులు. నన్ను చూసి ముందు నా మొహం చూడలేదు, చంకలో మూట చూసింది. ఆ తరవాతే లేచింది.

"ఒరే సూరీ, ఎక్కేసినావేట్రా! ఉయ్యాల ఎక్కితే ఏడిసేవోడివి!" అని నా బుగ్గలు రెండూ పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి.

వసారాలోకి తీసుకెళ్ళింది. అవతల కొండ దిగజారిపోయి ఉంది. నేను గోడకి అతుక్కున్నాను.

"దగ్గర సూడకు. ముందు సముద్రానికి అవతలొడ్డు సూడు. కనబడిందా? ఇప్పుడు మెల్లగా నీళ్ళ మీదికి రా. పడవలు. ఇంకా ఇవతలికి రా, ఊరు. ఇప్పుడు సెట్లు. అంతే. అంచు సివర సూడాల. నేనూ మొదట్లో ఇలాగే నేర్సుకున్నాను."

అలాగే చూశాను. జార్జ్ టౌన్ పెంకులన్నీ ఆరబోసిన మిరపకాయల్లా కనిపించాయి. సముద్రపొడ్డున తెల్లగా, చీమల బారులా జనం. అందులో ఎక్కడో మా వాళ్ళున్నారు. అన్నాళ్ళూ కింద నుంచి చూసిన ఊరు అరచేతిలోకి వచ్చినట్టయింది. చెప్పుకోవడానికి పక్కన ఒక్కడైనా లేడే అనిపించింది.

అప్పుడు కింద ఎక్కడో ధన్ ధన్‌మని మోగింది. ఫిరంగులో బాణసంచాయో. అక్క వంగిపోయి రెండు చేతులతో తల కప్పుకుంది.

"పండగ అక్కా. జెండా పండగ."

"తెలుసు" అంది, అయినా చాలాసేపటికి గాని చేతులు దింపలేదు. దింపాక చెంగుతో మొహం తుడుచుకుంది. "తెచ్చినావు కదా?" అంది.

లోపలికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది. బొట్టు దగ్గర నీళ్ళు తగలకుండా కడుక్కుంది. చాప పరిచి తూర్పు ముఖంగా కూర్చుంది. "కానీరా. నువ్వే ఎక్కొచ్చినాక ఇంకేటి సాకు సెప్తాను?"

నేను నిలబడే ఉన్నాను. "ఆదివారాలు కిందికి వస్తావటగా" అన్నాను.

ఆవిడ గాజులు పైకీ కిందికీ జరుపుకుంది. "సుబ్రమణియం సెప్పినారా?" అంది. ఆ పేరు పలకడానికి ముందు పైట సర్దుకుంది.

"వచ్చే నెల దొరసాని వాళ్ళ దేశం ఎలిపోతాది. నన్ను పుట్టింటికి పోతావా అని అడిగింది. ఆయన ఇంకోటి అడిగినారు. పెళ్ళాం పోయిన మనిషి. పిల్లల్లేరు. నేనింకా ఏటీ సెప్పలేదు. పుట్టింటి సీర పడలేదు గనక తోటలో ఉన్నప్పుడు కూడా ఎవులూ నా గాజుల జోలికి రాలేదు. అది పడిపోతే ఇక సెప్పడానికేటీ ఉండదు. నాన్న మాట నాన్నది. నువ్వు పెడితే నేను కాదనను. నా తమ్ముడివి, అంత దూరం నుంచి, ఈ కొండెక్కి వచ్చినావు."

వర్తకంలో ఒక నియమం ఉంది. సరుకు గుమ్మం దాకా చేరితే చేరినట్టే. చేరనిది మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు.

"అక్కా, నేను కొండెక్కలేదు" అన్నాను.

"ఏటి?"

"నాకు ఎత్తంటే భయం కదా. మా జట్టంతా చూశారు. లెక్చరర్ గారు చూశారు. బండిలో కాలు పెట్టలేక బెల్లంలా కారిపోయానని పట్నాయక్ అనకాపల్లి అంతా చెప్తాడు. వాడు చెప్పకపోయినా నేను చెప్తాను. కింద నుంచే తిరిగి వచ్చేశాను."

అక్క నా చంకలో మూట వంక చూసింది. "నాన్న ఊరుకోడురా. పిరికోడికి మండీలో తన గద్దె ఇవ్వడు."

"ఇవ్వడు."

"మరైతే ఈ కొండ మీద నా సేతి అన్నం తినబోయేది ఎవుల్రా?"

"దారిన పోయేవాడెవడో."

నవ్వింది. నవ్వుతూనే లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కంచంలో చేపల పులుసు వేడిగా ఉంది. మూట సంగతి మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు.

దిగేటప్పుడు సగం కొండ దగ్గర సుబ్రమణియం ఎదురు వచ్చి నిలబడ్డాడు. నా చంకలో మూట అలాగే ఉండడం చూశాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

నేను వచ్చేసరికి గోపాలసామి గారు కొట్లో ఉన్నాడు. "పొద్దుట్నుంచీ గోతాల మధ్యనే ఉన్నావు, ఒక్క తుమ్ము కూడా రానేదేటి బాబూ?" అన్నాడు. నేను నేల చూశాను. ఆయన తనలో తను నవ్వుకుని పప్పు చెరగడంలో పడ్డాడు. తరవాత పట్నాయక్ వాళ్ళు చేతుల్లో కాగితం జెండాలతో వచ్చారు. "ఏరా సూరీ, దేశానికి స్వతంత్రం వచ్చింది, నీకింకా రాలేదా?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఇంటికి చేరాక మూట నాన్న చేతిలో పెట్టాను. "సముద్రం దాటినవాడివి, కొండెక్కలేకపోయావా?" అన్నాడు. ఎక్కలేకపోయానన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మండీ గద్దె మీద మా చిన్నాన్న కొడుకుని కూర్చోబెట్టాడు. నేను విజయనగరం పోయి చింతపండు వ్యాపారం పెట్టుకున్నాను. అక్కడికీ నా పేరు నా కంటే ముందే చేరింది. మెట్లున్న చోటల్లా, పెళ్ళిళ్ళలోనూ సింహాచలంలోనూ, ఎవరో ఒకరు నవ్వేవారు.

మరుసటి ఏడు గోపాలసామి గారి దగ్గర నుంచి సరుకు తెచ్చుకునే మద్రాసు వర్తకుడు ఒకాయన చెప్పాడు, అక్కకి జార్జ్ టౌన్‌లో మురుగన్ గుడిలో పెళ్ళయిందని. అది విన్నాక నాన్న అక్క పేరు మళ్ళీ ఎత్తలేదు. నేను ఎత్తితే కొండెక్కిన సంగతి బయటపడుతుందని ఎత్తలేదు. తరవాత అక్కని నేను చూడలేదు. ఆవిడకి ఇద్దరు పిల్లలట. తమిళమే మాట్లాడతారట. నన్ను ఎరగరు.

నాన్న పోయాక, ఒకనాడు కొట్లో ఎవరూ లేనప్పుడు మా ఆవిడకి ఇదంతా చెప్పాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి ఆ బండిలో భయం వెయ్యలేదా?"

"ఎక్కేటప్పుడు వేసింది" అన్నాను. "దిగేటప్పుడు లేదు."

మొత్తం లెక్క చూసుకుంటే గద్దె పోయింది, పేరు పోయింది, అక్కని చూసే వీలు పోయింది. రాబడి వైపు ఉన్నది అక్క బొట్టు, ఆమె ఇల్లు, ఆ దిగుడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో నేను నష్టపోలేదని ఖాయంగా చెప్పగల బేరం అదొక్కటే.